కౌంటరు దగ్గర కనిపించే రాజకీయం

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది గానీ విషయం ఇదీ: కొండాపూర్‌లో ఉద్యోగం, ఫోన్ నిండా వార్తలు. పొద్దున నాయకుల తిట్లు, మధ్యాహ్నం ట్రంప్, రాత్రి హీరోల ఫ్యాన్స్ కొట్లాట. అన్నీ చూస్తున్నారు. కానీ నలుగురిలో కూర్చున్నప్పుడు మీకంటూ ఒక అభిప్రాయం ఉండటం లేదు. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్లదే నిజమనిపిస్తోంది. దాంతోపాటు సినిమావాళ్లు ముఖ్యమంత్రుల చుట్టూ ఎందుకు తిరుగుతారు, ఫ్యాన్స్ ఓట్లు నిజంగా పడతాయా, ఎక్కడో అమెరికాలో సంతకం పెడితే ఇక్కడ మనకెందుకింత టెన్షన్ అని కూడా అడిగారు. చివర్లో, ఏ ఛానల్ చూడమంటారు అన్నారు.

నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రిపోర్టర్‌ని కాదు, డెస్క్ మనిషిని. రిపోర్టర్‌కి నాయకుడి ముఖం తెలుస్తుంది, మాకు కాపీ, అంటే అతను రాసి పంపిన వార్త మాత్రమే తెలుస్తుంది. రాష్ట్రం ఒక పేజీ, అంతర్జాతీయం ఒక పేజీ, సినిమా ఒక పేజీ అని విడగొట్టి పెట్టేది మేమే. అది మా పేజీల సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు. హైదరాబాద్‌లో బతికేవాడికి ఆ మూడూ ఏదో ఒక కౌంటరు దగ్గర కలిసిపోతాయి. అది టికెట్ కౌంటరు కావచ్చు, వీసా కౌంటరు కావచ్చు, కిరాణా కొట్లో గల్లా కావచ్చు. మైకు ముందు జరిగేది చూస్తూ అభిప్రాయం ఏర్పరచుకోవాలంటే ఎప్పటికీ ఇలాగే ఊగుతూ ఉంటారు. డబ్బు చేతులు మారే చోట చూడండి. ఎవరు కడుతున్నారు, ఎంత కడుతున్నారు, ఏ కాగితం ప్రకారం కడుతున్నారు. నాకున్న పద్ధతల్లా ఇదే.

టికెట్‌తోనే మొదలుపెడదాం. మల్టీప్లెక్స్‌లో మామూలు రోజున మీరు కట్టేది 295. అది 300 కాకుండా, 280 కాకుండా సరిగ్గా 295 ఎందుకయింది? 2021 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. మల్టీప్లెక్స్‌లో గరిష్ఠంగా 250, ఏసీ సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠంగా 150, జీఎస్టీ అదనం. వంద రూపాయలు దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం. 250కి 45 కలిపితే 295. 150కి 27 కలిపితే 177. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు సినిమా టికెట్ మీద పన్ను తగ్గిందని టీవీలు ఊదరగొట్టాయి. తగ్గింది వంద రూపాయల లోపు టికెట్‌కి, 12 నుంచి 5కి. పైవాటికి 18 అలాగే ఉంది. ఈ ఊళ్లో వంద లోపు టికెట్ అంటే తెరకు ముక్కు ఆనించి చూసే వరసల్లోనే.

అంటే టికెట్ ధరకి పై గీత గీసేది నిర్మాతా కాదు, థియేటర్ యజమానీ కాదు. ప్రభుత్వం. ఇది పట్టుకుంటే సినిమావాళ్లు ముఖ్యమంత్రుల చుట్టూ ఎందుకు తిరుగుతారో సగం అర్థమైనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో రేట్లు బాగా తగ్గిస్తూ జీవో వచ్చింది. ఆ తర్వాత 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేష్ బాబు, ప్రభాస్, రాజమౌళి వెళ్లి తాడేపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌ని కలిశారు. మార్చిలో కొత్త జీవో వచ్చింది. ఆ మీటింగ్‌లో ఎవరు ఎలా దండం పెట్టారన్న వీడియో మీద జనం ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. కొత్త జీవోలో నాన్ ఏసీ హాలుకి ఎంత, మల్టీప్లెక్స్‌కి ఎంత అని మాట్లాడినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

మామూలు రేటు ఇలా ఉంటే, పెద్ద సినిమా సంగతి వేరు. నిర్మాత ప్రభుత్వానికి దరఖాస్తు పెడతాడు. మొదటి కొద్దిరోజులు రేటు పెంచుకోవడానికి, తెల్లవారుజామున అదనపు షోలు వేసుకోవడానికి అనుమతి అడుగుతాడు. బడ్జెట్‌లో చాలా భాగం వడ్డీకి తెచ్చిన సొమ్ము. మొదటి వారంలో రాబట్టుకోకపోతే రెండో వారానికి హాల్లో ఫ్యాన్లే తిరుగుతుంటాయి. కాబట్టి హోం శాఖ నుంచి వచ్చే ఒక్క పేజీ మెమో విలువ కోట్లలో ఉంటుంది.

2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, సంధ్య థియేటర్ దగ్గర, పుష్ప 2 ప్రీమియర్‌లో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలోకి వెళ్లాడు. మా ఇంటికి అది నడిచి వెళ్లే దూరం. ఆ సందు ఎంత ఇరుకో, దగ్గర్లోనే దేవి, సుదర్శన్, శుక్రవారం సాయంత్రం మామూలు జనానికే అక్కడ నడక ఎంత కష్టమో చిక్కడపల్లి వాళ్లందరికీ తెలుసు. తర్వాత జరిగినవన్నీ టీవీల్లో చూశారు. 13న అల్లు అర్జున్ అరెస్టు, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలు, మర్నాడు పొద్దున చంచల్‌గూడ నుంచి విడుదల. అప్పుడు రాష్ట్రమంతా రెండు ముక్కలైంది, హీరో వైపా ముఖ్యమంత్రి వైపా అని. నేనైతే ఆ గొడవ పక్కనపెట్టి ఒకటే చూశాను. అసెంబ్లీలో ముఖ్యమంత్రి ఇకమీదట బెనిఫిట్ షోలు ఉండవు, రేట్ల పెంపు ఉండదు అన్నారు. జనవరిలో సంక్రాంతి సినిమాకి తెల్లవారుజాము షోకీ, పెంచిన రేట్లకీ అనుమతి వచ్చింది. హైకోర్టు ఆక్షేపించాక ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. మాట డిసెంబర్‌ది, మెమో జనవరిది.

2025 సెప్టెంబర్‌కి వచ్చేద్దాం. ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ హీరోగా నటించిన సినిమా విడుదలైంది. తెలంగాణలో ప్రీమియర్ టికెట్ 800కి అనుమతి, ఆంధ్రాలో బెనిఫిట్ షోకి 1,000. ఇక్కడ హైకోర్టులో సింగిల్ జడ్జి ఆ పెంపును సస్పెండ్ చేశారు. ఒక రాష్ట్రంలో అధికారంలో ఉన్న మనిషి సినిమాకి, పక్క రాష్ట్రంలో వేరే పార్టీ ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. మైకుల దగ్గర ఈ రెండు పార్టీలకీ ఒకరంటే ఒకరికి పడదు. కౌంటరు దగ్గర ఏ ఇబ్బందీ లేదు.

ఇష్టమున్నవాడు కొనుక్కుంటాడు, 800 అయితే ఏంటి 8,000 అయితే ఏంటి అనేవాళ్లున్నారు. ఆ వాదనలో పస లేదని నేననను. నా అభ్యంతరం ధర మీద కాదు, అడిగే పద్ధతి మీద. సినిమా సినిమాకీ విడిగా వెళ్లి అనుమతి అడగాల్సినంత కాలం, పరిశ్రమలో ఎవరూ ఏ ప్రభుత్వం మీదా నోరు విప్పరు. ఏ పార్టీ ఉన్నా అంతే. ఫలానా బడ్జెట్ దాటితే ఫలానా రోజులు ఫలానా శాతం అని ఒకే జీవోలో రాసిపడేస్తే ఈ తిరుగుళ్లు సగం తగ్గుతాయి. కానీ అలా రాస్తే సచివాలయంలో ఎవరి చుట్టూ ఎవరు తిరుగుతారు?

ఇదే విషయం ఇంకో వైపు నుంచి చూడండి. 2025 నవంబర్‌లో ఒక పెద్ద పైరసీ సైటు నడిపాడన్న ఆరోపణతో హైదరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకున్నారు. సినీ ప్రముఖులు పోలీసులకి ధన్యవాదాలు చెప్పారు. ఫోన్లలో మాత్రం జనం ఆ నిందితుడికి చప్పట్లు కొట్టారు. దొంగతనానికి చప్పట్లేమిటని టీవీ చర్చల్లో పెద్దలు తలలు పట్టుకున్నారు. నలుగురున్న ఇల్లు మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లే 1,180. పాప్‌కార్న్, పార్కింగ్, ఆటో కలిపితే రెండు వేలకి పైనే. నేను పైరసీని సమర్థించడం లేదు, ఆ సినిమా మీద బతికేవాళ్లు మా అమ్మాయి వీధిలోనే ఉన్నారు. కానీ ఆ చప్పట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియాలంటే స్టూడియోలో కూర్చున్న పెద్దమనుషుల్ని కాదు, ఆ లెక్క వేసుకున్న ఇంటి యజమానిని అడగాలి.

మా అమ్మాయి ఉండేది యూసుఫ్‌గూడలో. తెల్లవారుజామున కృష్ణానగర్ మెయిన్ రోడ్డు మీద నడిస్తే మీకు తెలుగు సినిమా అసలు రూపం కనిపిస్తుంది. ఇంకా చీకటి పోదు. ఇడ్లీ బండి దగ్గర ఆవిరి, పక్కన బ్యాగులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు. ఆ బ్యాగుల్లో సీనుకి తగ్గట్టు రెండు మూడు జతల బట్టలు. ఏజెంట్ ఫోన్ వస్తుంది, వ్యాను వస్తుంది, పేర్లు పిలుస్తారు. పిలుపు రాని వాళ్లు ఇంకాసేపు నిలబడి ఇళ్లకి పోతారు. లైట్‌మన్లు, ప్రొడక్షన్ బాయ్‌లు, మేకప్ వాళ్లు, డ్రైవర్లు, అందరూ ఆ చుట్టుపక్కల గల్లీల్లోనే. ఇంటి అద్దె, యూనియన్ కార్డు, రావాల్సిన పాత బాకీ... అక్కడ టీ తాగుతూ వినపడే మాటలు ఇవే.

2025 ఆగస్టులో వీళ్లు వేతనాలు 30 శాతం పెంచమని పని ఆపేశారు. రెండు వారాలకి పైగా షూటింగులు ఆగాయి. ప్రభుత్వం మధ్యవర్తిత్వం చేశాక, రోజుకి 2,000 లోపు తీసుకునేవాళ్లకి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం అని తేలింది. ఆ రోజుల్లో మీ ఫోన్‌లో ఏమొచ్చింది? ఏ హీరో సినిమా వాయిదా పడుతుంది, ఎవరి ఫస్ట్ లుక్ ఆలస్యం అవుతుంది. కృష్ణానగర్‌లో కిరాణా కొట్టువాళ్లు అప్పు ఖాతా ఎన్నాళ్లు సాగదీశారో మాత్రం ఎవరూ రాయలేదు.

రెండు నెలలు తిరగకుండానే ఆ గల్లీలకి అందరూ క్యూ కట్టారు. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ జూన్‌లో చనిపోవడంతో నవంబర్ 11న ఉప ఎన్నిక వచ్చింది. జూబ్లీహిల్స్ అనగానే మీ కళ్ల ముందు పెద్ద గేట్లు, వాటి వెనక కుక్కలు కనిపిస్తాయి. ఆ నియోజకవర్గంలో ఓట్లున్నది బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, షేక్‌పేట బస్తీల్లో. పోలింగ్‌కి రెండు వారాల ముందు యూసుఫ్‌గూడలో సినీ కార్మికులు ముఖ్యమంత్రికి సన్మానం చేశారు. టికెట్ రేట్లు పెంచుకుంటే ఆ అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలి, లేకపోతే పెంపు జీవో ఇవ్వబోమని ఆ సభలో రేవంత్ రెడ్డి చెప్పారు. కాంగ్రెస్ 24 వేలకి పైగా మెజారిటీతో గెలిచింది. ఓటు వేసింది సగం కన్నా తక్కువ మంది, దాదాపు 48 శాతం. ఆ ఫలితం మీద టీవీలో గంటలకి గంటలు విశ్లేషణలు నడిచాయి, పార్టీల గ్రాఫ్ పెరిగిందా, పడిందా అని. నాకు ఆసక్తి ఆ 20 శాతం మీదే. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఫ్యాన్స్ ఓట్ల సంగతి అడిగారు. దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, అంకెలు చాలు. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరిలో 294లో 200కి పైగా సీట్లు గెలిచారు. సినిమా గ్లామర్ అంటారు. కానీ 1978లో వచ్చిన ఆ కాంగ్రెస్ ప్రభుత్వం అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కర రెడ్డి. ఢిల్లీ నుంచి కవరు రావడం, ముఖ్యమంత్రి మారడం. దాని మీద జనానికి కసి ఉంది, రెండు రూపాయల కిలో బియ్యం మీద ఆశ ఉంది. వాటికి ఆ గొంతు తోడైంది. చిరంజీవి 2008లో ప్రజారాజ్యం పెట్టినప్పుడు సభలకి వచ్చిన జనం తక్కువేం కాదు. 2009లో వచ్చినవి 18 సీట్లు. ఆయనే పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. పవన్ కల్యాణ్ 2019లో గాజువాకలోనూ భీమవరంలోనూ ఓడారు, పార్టీకి ఒక్క సీటు. 2024లో పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లకీ 21 గెలిచారు. ఈ అయిదేళ్లలో హీరో మారలేదు, ఫ్యాన్స్ రాత్రికి రాత్రి పెరగలేదు. మారింది పొత్తు. పొత్తుతో పాటు బూత్‌లో కూర్చునే ఏజెంట్లూ, గ్రామంలో ఓటరు లిస్టు చేతిలో ఉన్న మనిషీ వచ్చారు. జనం సభకి రావడానికీ ఓటు పడటానికీ మధ్య ఉన్న దూరం అంతా ఆ లిస్టు పట్టుకున్న మనిషి నడవాల్సిందే.

ఇక్కడో చిన్న పిట్టకథ. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు ఎమ్మెల్యేల్ని కాపాడుకున్నది నాచారంలో ఆయన సొంత రామకృష్ణా స్టూడియోలో. 1995 ఆగస్టులో ఆయనకి వ్యతిరేకంగా ఎమ్మెల్యేలు చేరింది ట్యాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ హోటల్లో. స్టూడియోలో నిలబెట్టుకున్న కుర్చీ హోటల్లో పోయింది. హైదరాబాద్ రాజకీయ చరిత్ర రాస్తే అసెంబ్లీ కన్నా ఈ రెండు భవనాలకే ఎక్కువ పేజీలు ఇవ్వాలేమో.

ఇక అమెరికా. మీ టెన్షన్ నాకు అర్థమైంది, మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఇంటికొకరు అక్కడున్నారు. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి కొత్తగా పెట్టే దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ప్రకటన మీద సంతకం పెట్టారు. మనకది తెలిసేసరికి శనివారం పొద్దున. ఏటా కట్టాలట, ఉన్న వీసాలకీ వర్తిస్తుందట, ఆదివారం లోపు అమెరికాలో దిగకపోతే ఇక అంతేనట. మా మూడో అంతస్తు వాళ్ల పెద్దబ్బాయి తండ్రి పోయాక వచ్చిన మొదటి మహాలయానికని ఇక్కడికి వచ్చి ఉన్నాడు. అమావాస్య ఆదివారం. ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది, వెంటనే వచ్చెయ్యమని. శనివారం సాయంత్రానికి, దొరికిన రేటుకి టికెట్ కొనుక్కుని శంషాబాద్ వెళ్లిపోయాడు. అతను గాల్లో ఉండగానే వైట్‌హౌస్ స్పష్టం చేసింది, ఇది కొత్త దరఖాస్తులకే, ఒక్కసారి కట్టేదే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి సంబంధం లేదని. ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు పిండం పెట్టాడు. వాళ్లమ్మగారు ట్రంప్‌ని ఏమీ అనలేదు. "ఒక్క పూట ఆగరా అంటే వినలేదు" అన్నారంతే.

ఇందులో డెస్క్ మనిషిగా నేను చెప్పగలిగేది ఒకటుంది. ఒక ఉత్తర్వు వచ్చిన మొదటి రోజు దాని గురించి మాట్లాడేవాళ్లలో దాన్ని చదివినవాళ్లు చాలా తక్కువ. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు కూడా చదవకుండానే చెప్పేస్తారు. మేం వార్తా ఏజెన్సీ కాపీ వచ్చాక మొదటి ఎడిషన్‌కి ఒక హెడ్డింగ్ పెట్టి, చివర్లో అచ్చయ్యే సిటీ ఎడిషన్‌కి దాన్ని మార్చేవాళ్లం. మధ్యలో ఆ కొద్ది గంటల్లో అసలు పాఠం వచ్చేది. మీ ఫోన్‌లో సిటీ ఎడిషన్ అంటూ లేదు, అన్నీ మొదటి ఎడిషన్లే.

ఆ డిసెంబర్‌లో ఇంకోటి జరిగింది. సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలుపెట్టడంతో, వీసా స్టాంపింగ్‌కని సెలవు మీద ఇండియా వచ్చినవాళ్ల అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ. అదే నెలలో నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ పక్కన రోడ్డుకి డొనాల్డ్ ట్రంప్ పేరు పెడతామని తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించింది. జోకులు బాగానే పేలాయి, నేనూ రెండు ఫార్వర్డ్ చేశాను. అయితే ఇది ఒక్క ముఖ్యమంత్రి సరదా అనుకోకండి. 2000లో క్లింటన్ వచ్చారు, అప్పుడు తెలుగుదేశం. 2006లో బుష్ వచ్చారు, అప్పుడు కాంగ్రెస్. 2017లో ఇవాంకా వచ్చారు, అప్పుడు టీఆర్ఎస్. మెట్రో రైలు ప్రారంభం కూడా ఆ రోజే జరిగింది. జెండా ఏదైనా సరే, అమెరికా అతిథితో ఫోటో కావాల్సిందే. ఆ ఫోటో వాషింగ్టన్ కోసం కాదు. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే 108 చేస్తానని మొక్కుకునే కుటుంబాల కోసం.

ఆ కుటుంబాల పిల్లలే అక్కడ తెలుగు సినిమా టికెట్లు కొనేది. 2017లో బాహుబలి రెండో భాగం ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. అప్పటినుంచి ఓవర్సీస్ అనే పదం నిర్మాత లెక్కల్లో పైకి వచ్చేసింది. అక్కడ ప్రీమియర్ పడేసరికి మనకి తెల్లవారుజాము, అందుకే ఇక్కడ నాలుగు గంటల షో కోసం ఇంత ఆరాటం. అక్కడి టాక్ వచ్చేలోపు ఇక్కడ సీట్లు నిండాలి. విదేశీ సినిమాల మీద వంద శాతం సుంకం వేస్తానని ట్రంప్ 2025లో రెండుసార్లు, మేలోనూ సెప్టెంబర్‌లోనూ ప్రకటించినప్పుడు ఫిల్మ్‌నగర్‌లో కంగారు పడ్డది అందుకే. డాలస్‌లో ఒక కుర్రాడి ఉద్యోగం పోతే ఇక్కడ ఇంటి ఈఎంఐ ఆగుతుందని మీకు తెలుసు. అతను మానేసే మొదటి ఖర్చు ప్రీమియర్ టికెట్ అని నిర్మాతకి తెలుసు.

సుంకాలంటే గుర్తొచ్చింది. కూకట్‌పల్లిలో ఉండే నా స్నేహితుడికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల పట్టిక చూపించిన రోజుల్లో, ఇంకా ఒక్క కంటైనర్ మీద కూడా పన్ను పడకముందే, కొనేవాళ్లు వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) రేటు తగ్గించేశారు. ఆ ఏడాది ఆగస్టు 27న దాన్ని 50 శాతం చేశాక ఇక చెప్పేదేముంది. అప్పటికి మన రొయ్యకి అతిపెద్ద మార్కెట్ అమెరికానే. అతను రాజకీయాల్లో ఒక పార్టీకి వీరాభిమాని. కానీ ఫోన్ చేస్తే మొదటి మాట కౌంట్ రేటే.

ఉక్రెయిన్ గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే మూడు పేజీలూ ఒకటే అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. ఆస్కార్ తెచ్చిన నాటు నాటు పాటని కీవ్‌లో, ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికారిక భవనం మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు 2021లో తీశారు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు బంకర్లలో ఇరుక్కున్నారు, సరిహద్దులు నడిచి దాటి ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చారు. ఇక్కడ మా వీధి కొట్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ వారం తిరిగేసరికి పల్లీ నూనె రేటుని అందుకుంది, ఎందుకంటే మనం దిగుమతి చేసుకునే ఆ నూనెలో చాలా భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. పాట సినిమా పేజీలో, బాంబులు అంతర్జాతీయంలో, నూనె బిజినెస్ పేజీలో, పిల్లలు జిల్లా పేజీల్లో వేశారు. ఒకే దేశం, నాలుగు పేజీలు. గల్ఫ్ విషయం కూడా ఇలాంటిదే. జగిత్యాల, నిజామాబాద్ వైపు అడిగితే దుబాయ్, కువైట్ వార్తలు వాళ్లకి విదేశీ వార్తలే కావు.

ఇప్పుడు ఏ ఛానల్ అన్న ప్రశ్న. ఏదైనా ఒకటే, నిజంగా. మన దగ్గర ఏ ఛానల్ ఏ పార్టీ వైపో పాలు పోసే అబ్బాయికి కూడా తెలుసు, అది తెలిసి చూస్తే నష్టం లేదు. రాత్రి తొమ్మిది గంటల చర్చ మాత్రం మానేయండి. ఆ గంటలో ఒక పేపర్ తీసుకుని హైకోర్టు వార్తలు, లోపలి పేజీలో ఉండే చిన్న సింగిల్ కాలమ్ ఉత్తర్వుల వార్తలు చదవండి. నాయకుడి తిట్టు మొదటి పేజీలో పెడతారు, జీవో సారాంశం ఏడో పేజీలో కింద మూలకి పోతుంది. ఎందుకంటే తిట్టుకి ఫోటో ఉంటుంది. ఇంకో మాట. జీవోలు జనానికి కనపడకుండా ఉండటం ఏ తిట్టు కన్నా పెద్ద వార్త. ఆంధ్రలో 2021 ఆగస్టులో వాటిని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలుపెట్టారు. తెలంగాణలోనూ అన్నీ పెట్టరు. మీరు నలుగురిలో మాట్లాడాలనుకుంటే ఇలాంటి దానితో మాట్లాడండి, ఎంత గట్టిగా అరిచేవాడైనా ఒక్క నిమిషం ఆగుతాడు.

ఫ్యాన్ వార్‌ల గురించి నాకు పెద్దగా అభిప్రాయం లేదు. మా కాలంలో క్రాస్‌రోడ్స్‌లో కటౌట్ ఎవరిది ఎత్తు అని కొట్టుకున్నారు, ఇప్పుడు వ్యూస్ ఎవరివి ఎక్కువ అని కొట్టుకుంటున్నారు. ఆ కటౌట్లకి రంగులు వేసిన పెయింటర్లకి కనీసం పని దొరికేది.

ఇక చివరికి చెప్తానన్నది. మీరు కొత్తగా అలవాటు చేసుకోవాలనుకుంటే ఇక్కడ మొదలుపెట్టండి. ఈసారి పెద్ద సినిమా విడుదలకి ముందు టికెట్ రేట్ల మెమో బయటికి రాగానే, ఎవరో ఒకరు దాని ఫోటో పెడతారు. రేటు ఎంత పెరిగిందో చూసి వదిలేయకండి. కింద దాకా చదవండి. కార్మికులకి 20 శాతం అన్న మాట షరతుగా ఉందా? ఉంటే ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి, ఎన్ని రోజుల్లో వెయ్యాలి, లెక్క ఎవరికి చూపించాలి, చూపించకపోతే ఏమవుతుంది అన్న వాక్యాలు ఉన్నాయేమో వెతకండి. తర్వాత ఒక ఆదివారం కృష్ణానగర్‌లో ఇడ్లీ తినడానికి వెళ్లి, ఆ డబ్బు ఎవరికైనా అందిందేమో అడగండి.